ప్రాధాన్య ఓట్ల లెక్కకు సాఫ్ట్‌వేర్: చేయవలసినవి - చేయకూడనివి

2023 మార్చి 13న మన కురిచేడు పట్టభద్రులు ప్రకాశం-నెల్లూరు-చిత్తూరు శాసనమండలి స్థానానికి అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని ప్రాధాన్యాలు వేసి ఓటేశారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఫలితం తేలలేదు. రెండో ప్రాధాన్యం లెక్కించాకే కంచర్ల శ్రీకాంత్ గెలిచారు. ఇదే పద్ధతిలో కాలేజీకో, సంఘానికో ఎన్నిక పెట్టి, లెక్కకు ప్రోగ్రాం రాయాలనుకునే మన పిల్లల కోసం ఈ జాగ్రత్తలు.

చేయవలసినవి

కోడ్ రాసే ముందు 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలు తెచ్చుకుని 75వ నియమం చదవండి. స్థానం ఒక్కటే అయితే చెల్లిన ఓట్లను రెండుతో భాగించి, శేషం వదిలేసి, ఒకటి కలపాలి. గెలవడానికి కావలసిన కోటా అదే.

తొమ్మిది ఓట్లతో చేత్తో లెక్క వేయండి. ముగ్గురికి వరసగా 4, 3, 2 వచ్చాయనుకుందాం. కోటా 5. ఎవరూ దాన్ని అందుకోలేదు కాబట్టి చివరి అభ్యర్థిని తొలగిస్తే, ఆ బ్యాలెట్లలోని రెండో ప్రాధాన్యం ప్రకారం ఆయన రెండు ఓట్లూ రెండో వ్యక్తికి వెళ్లాయి. ఆయనకు 5 అయ్యాయి, గెలిచారు. మీ ప్రోగ్రాం నాలుగున్నరను 5గా సవరించి ఒకటి కలిపితే కోటా 6 అవుతుంది, లెక్క అక్కడే చెడుతుంది.

1 తర్వాత 2 లేకుండా 3 వేసిన బ్యాలెట్, 2 ఇద్దరికి వేసిన బ్యాలెట్ మొదటి ప్రాధాన్యం వరకే పనికొస్తాయి. ఇలాంటివి కావాలని తయారుచేసి పరీక్షించండి.

ప్రతి రౌండులో ఎవరి ఓట్లు ఎవరికి వెళ్లాయో, ఎన్ని ఆగిపోయాయో ముద్రించి అభ్యర్థుల ఏజెంట్లందరికీ ఇవ్వండి.

చేయకూడనివి

బయటి దేశపు ప్రోగ్రాం తెచ్చి యథాతథంగా వాడకండి. 2022లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ స్కూల్ బోర్డు ఎన్నికలో మొదటి ప్రాధాన్యం ఖాళీగా వదిలిన బ్యాలెట్లకు సాఫ్ట్‌వేర్‌లో తప్పు సెట్టింగ్ పెట్టారు. ఓడిన వ్యక్తి గెలిచినట్టు ధ్రువీకరణ కూడా అయిపోయింది. అక్కడి నిబంధన ప్రకారం ఆ బ్యాలెట్‌లో రెండో ప్రాధాన్యాన్ని ముందుకు జరపాలి. మన నియమాల్లో 1 అంకె లేని బ్యాలెట్ అసలు చెల్లదు. రెండుచోట్లా ఒకే కోడ్ ఎలా సరిపోతుంది?

పరీక్ష కోసం ఎక్కించిన ఓట్లు తుడిచేయకుండా అసలు లెక్క మొదలుపెట్టకండి. 2021లో న్యూయార్క్ మేయర్ ప్రైమరీలో సుమారు 1,35,000 పరీక్ష బ్యాలెట్లు ఫలితంలో కలిసిపోయి, ప్రకటించిన అంకెలు వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

ఓట్లు సమానమైతే ఎవరిని తొలగించాలో కంప్యూటర్ ఇష్టానికి వదలకండి. లాటరీ దాకా వస్తే ఎన్నికల అధికారి అందరి ముందు తీయాలి.

కాగితం బ్యాలెట్లు పారేయకండి. వాటిని చేత్తో లెక్కించి సరిచూసేదాకా ఫలితం ప్రకటించకండి.