బెంగకు స్పానిషు మాట

విద్యార్థులారా! అన్యభాష నేర్చువారిని శాస్త్రపదములకంటె ఇంట వాడుకొను చిన్నమాటలే ఎక్కువ చిక్కుపెట్టును. దూరముననున్న కుమారుడు తల్లికి "అమ్మా, నీమీద బెంగగా నున్నది" అని వ్రాయును. దీనిని స్పానిషు భాషలో ఎట్లు చెప్పవలెను? నిఘంటువులో పెక్కు మాటలు కనబడును. వానిలో ఏది తగునో విచారింతము.

స్పెయిన్ దేశమున సాధారణముగా "తె ఎచో దె మేనోస్" అందురు. 'ఎచార్' అనగా విసరుట. 'మేనోస్' అనగా తక్కువ. ఈ రెంటిని కూర్చినను బెంగ అను అర్థము రాదు. ఏలయన, ఇది పొరుగుననున్న పోర్చుగీసు పలుకుబడినుండి మారివచ్చినది. అందు మొదటి అర్థము "లేదని కనుగొనుట".

మెక్సికో, అర్జెంటీనా మొదలగు దేశములలో "తె ఎక్స్‌త్రాన్యో" అనుట మెండు. ఈ క్రియయే స్పెయిన్‌లో తరచుగా "వింతగా తోచుట" అను అర్థమున వాడబడును.

మూడవది "మె ఆసెస్ ఫాల్త". 'మె' అనగా నాకు. 'ఫాల్త' అనగా లోటు. "నీవు లేని లోటు నాకున్నది" అని భావము. మన తెలుగువలెనే ఇందును బాధ "నాకు" కలుగుచున్నది. ఐతే "నీ అవసరము నాకున్నది" అను అర్థమును గూడ ఇచ్చును గనుక సందర్భ మెరిగి వాడవలెను.

మనుష్యులమీద గాక పుట్టిన ఊరిమీద బెంగయైనచో "మొర్రీన్య" అను మాట కలదు. ఇది స్పెయిన్ వాయవ్యభాగమునందలి గలీసియా వారి భాషనుండి వచ్చినది.

కావున మాట నెన్నుకొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: వినువారు ఏ దేశమువారు? బెంగ ఎవరిమీద, లేక దేనిమీద? దాని తీవ్రత ఎంత? మాడ్రిడ్‌వారి మాట ఒప్పు, మెక్సికోవారి మాట తప్పు అనరాదు. రెండును ఒప్పులే.

ఈ సంగతి మనకు మిక్కిలి అవసరము. షోలాపురమున స్థిరపడిన మన చేనేత కుటుంబములలో పెక్కు తెలంగాణమునుండి వచ్చినవి. వారితోపాటు వచ్చిన మాట "యాది". 2014కు పూర్వము ఉమ్మడి ఆంధ్రప్రదేశమున మేము ఉపాధ్యాయశిక్షణ పొందుచుండగా, ఒకనాడు "మా అమ్మ యాదికి వచ్చినది" అంటిమి. తోడివారు నవ్విరి. సిగ్గుపడి ఆ మాటను మానుకొంటిమి. సెలవులకు ఇల్లు చేరి "నీవు జ్ఞాపకమునకు వచ్చితివి" అనగా, మా అమ్మ "ఎవరితోనో మాట్లాడినట్లు మాట్లాడుచున్నావేమి?" అనెను. నాడు మేము తప్పిన పాఠమిదియే. జ్ఞాపకము మంచి మాటయే. కాని మా తల్లికి తగిన మాట యాది.

తలిదండ్రులారా! పిల్లల ఇంటిమాటను చూచి నవ్వకుడు. ఒక భావమునకు తెలుగున రెండు మాటలెరిగిన బాలుడు స్పానిషున మూడింటిని చూచి బెదరడు.

అభ్యాసము: మీ ఇంట బెంగను తెలుపుటకు వాడు మాటలన్నియు అవ్వతాతల నడిగి వ్రాసికొని రండు.