పంచరు వేయడం సగం పని, ముల్లు తీయడం మిగతా సగం



ఈసారి గోడ పత్రికలో రాయడం నా వంతు వచ్చింది. కథ గానీ గేయం గానీ రాయమన్నారు. నాకు అవి రావు. నాకు బాగా వచ్చిన పని సైకిలుకు పంచరు వేయడం. అది కూడా ఒకసారి తప్పు చేసినాకనే వచ్చింది. ఆ తప్పు మీరు చేయకూడదని ఈ పాఠం రాస్తున్నాను.

మాది తుగ్గలి మండలంలో ఒక తండా. బస్సు ఎక్కాలంటే తుగ్గలికి సైకిలు మీద పోవాల్సిందే. పోయిన వేసవిలో మా చెల్లెలికి పత్తికొండలో గురుకులం ప్రవేశ పరీక్ష. పొద్దున్నే మా యాడి (మేము అమ్మను యాడి అంటాము) జొన్నరొట్టె, బుడ్డల పొడి గుడ్డలో కట్టి ఇచ్చింది. చెల్లెలు క్యారియరు మీద కూర్చుంది. ఒళ్ళో హాల్ టికెట్టు ఉన్న సంచి. సగం దారిలో వెనక చక్రం బరువెక్కింది, సైకిలు అటూ ఇటూ ఊగింది. దిగి చూస్తే టైరు నేలకు అంటుకుపోయింది.

నా దగ్గర సామాను ఉంది. షాపులో అన్న పంచరు వేస్తుంటే చాలాసార్లు చూసినాను కాబట్టి నాకు అంతా వచ్చు అనుకున్నాను. ట్యూబు తీసి, బొక్క కనిపెట్టి, ప్యాచ్ వేసి, గాలి కొట్టినాను. "చూస్తివా, అయిపాయ" అని చెల్లెలితో గొప్ప చెప్పినాను. రెండు వందల గజాలు పోలేదు, మళ్ళా "స్‌స్" అని శబ్దం. ముల్లు టైరులోనే ఉంది. నేను ట్యూబును చూసినాను గానీ టైరు లోపల చూడలేదు.

మళ్ళా ప్యాచ్ వేసేంత టైము లేదు. సైకిలు తోసుకుంటా పరుగెత్తినాము. మేము చేరేసరికి బస్సు పోయింది. తర్వాత దొరికిన ఆటో పట్టుకొని పోతే పరీక్ష మొదలై ఇరవై నిమిషాలు అయింది. అక్కడి సారు దయతలచి లోపలికి పంపినాడు. కానీ చివరి లెక్కలు చెల్లెలు చేయలేకపోయింది. బయటకు వచ్చి ఏడవలేదు. "భియా, భాగారాలు నాకు వచ్చు, టైము సాలలేదు" అంది, అంతే. సీటు రాలేదు.

ఆ సెలవులన్నీ షాపు అన్న దగ్గర కూర్చొని పని నేర్చుకున్నాను. అన్న చెప్పిన మొదటి మాట ఇది: "బొక్క ట్యూబులో ఉంటది. దొంగ టైరులో ఉంటాడు."

మన దారుల్లో దొంగలు

మా పక్క ఎక్కువ పంచర్లు కంపచెట్టు ముల్లుతోనే. దీన్నే సర్కారు తుమ్మ అని కూడా అంటారు. ఇది మన దేశపు చెట్టు కాదు, అమెరికా ఖండాలది. 1877లో జమైకా విత్తనాలు తెప్పించి మన కడప జిల్లా కమలాపురంలో నాటినారు. మేకలు, పశువులు దీని కాయలు తింటాయి. గింజలు అరగకుండా పేడలో, పెంటికల్లో బయటపడి మొలుస్తాయి. అట్లా వంకలు, బీళ్ళు, దారులు అన్నీ కమ్ముకుంది. దీని ముల్లు ఎండినాక ఇంకా గట్టిపడుతుంది. టైరులో దిగి, బయట మొన విరిగిపోయి, లోపల మాత్రం నిలబడి ఉంటుంది. అందుకే బయట నుండి చూస్తే కనపడదు.

రెండో దొంగ పల్లేరు కాయ. అది ఎట్ల పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది.

పని చేసే విధానం

1. గాలి పోయిందని తెలిసిన వెంటనే దిగండి. గాలి లేని చక్రం మీద తొక్కితే రిమ్ముకు, నేలకు మధ్య ట్యూబు నలిగి చీలుతుంది. ముల్లు బొక్క ప్యాచ్‌తో పోతుంది. చీలిన ట్యూబు పారేయాల్సిందే.

2. టైరు విప్పకముందు వాల్వు చూడండి. వాల్వు నోటి మీద కొంచెం ఉమ్మి రాస్తే బుడగ వస్తుందా? వస్తే పంచరు కాదు, లోపలి చిన్న రబ్బరు చెడిపోయింది. దాన్ని మారిస్తే చాలు.

3. గాలంతా తీసి, వాల్వు మరలు విప్పి, టైరు అంచును రెండు చేతులతో నొక్కి వదులు చేయండి. వాల్వుకు దూరంగా ఉన్న చోట నుండి మొదలుపెట్టి ఒక పక్క అంచు బయటకు తీయండి. దీనికి మొద్దుగా ఉన్న చెంచా కాడ పనికొస్తుంది. స్క్రూడ్రైవరు వద్దు, ట్యూబును పొడుస్తుంది. చక్రం ఊడదీయనక్కర లేదు.

4. ట్యూబులో కొంచెం గాలి కొట్టి నీళ్ళలో ముంచండి. బుడగలు వచ్చే చోటే బొక్క. దారిలో నీళ్ళు లేకపోతే ట్యూబును పెదవుల దగ్గర పెట్టి తిప్పండి. పెదవికి సన్న గాలి కూడా తెలుస్తుంది.

5. బొక్క వాల్వుకు ఎన్ని జానల దూరంలో ఉందో కొలవండి. టైరులో కూడా వాల్వు ఉన్న చోటు నుండి అన్ని జానలు, రెండు వైపులా కొలవండి. ముల్లు ఆ రెండు చోట్లలో ఒక దగ్గర ఉంటుంది. తర్వాత ఒక పాత గుడ్డను టైరు లోపల చుట్టూ తిప్పండి. ముల్లు ఉంటే గుడ్డ తట్టుకుంటుంది. వేలితో వెతికితే వేలికి గుచ్చుకుంటుంది. ఒకటి దొరికిందని ఆపవద్దు, చుట్టంతా చూడండి. నేను చేయని పని ఇదే.

6. బొక్క చుట్టూ ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడవండి. ట్యూబుకు, ప్యాచ్‌కు పల్చగా సొల్యూషన్ పూసి, ఐదు నిమిషాలు ఆరనివ్వండి. వేలికి తడి అంటకూడదు. అప్పుడు అతికించి గట్టిగా నొక్కండి.

7. ట్యూబు మెలి పడకుండా లోపల సర్ది, టైరు అంచును చేతులతోనే ఎక్కించండి. కొంచెం గాలి కొట్టి, ట్యూబు ఎక్కడా అంచు కింద ఇరుక్కోలేదని చూసుకొని, తర్వాత పూర్తిగా కొట్టండి.

ఎందుకు ఆరనివ్వాలి?

సొల్యూషన్ అంటే ద్రావకంలో కరిగించిన రబ్బరు. సైన్సు పాఠంలో ఆవిరి కావడం చదివినాము కదా, ఇక్కడ జరిగేది అదే. ద్రావకం ఆవిరైపోతే రబ్బరు పొర మిగులుతుంది. ట్యూబు మీది పొర, ప్యాచ్ మీది పొర ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. తడి మీదనే అతికిస్తే ద్రావకం లోపల చిక్కుకొని ప్యాచ్ జారిపోతుంది. తొందరలో ఉన్నప్పుడే ఈ ఐదు నిమిషాలు ఓర్చుకోవాలి.

బొక్కను చూసి కారణం చెప్పవచ్చు

నేల వైపు ఒక బొక్క ఉంటే ముల్లు. రిమ్ము వైపు ఉంటే పుల్ల కొన గుచ్చుకుంది, రిమ్ము మీది పట్టీ సరిచేయాలి. పక్కపక్కన రెండు బొక్కలు ఉంటే గాలి తక్కువై రాయికి కొట్టుకుంది.

నాకంటే ముందు తప్పినవారు

గాలి టైరును 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు బెల్‌ఫాస్ట్ నగరంలో కొడుకు మూడు చక్రాల బండి కోసం చేసినాడు. అప్పట్లో టైరును రిమ్ముకు జిగురుతో అంటించేవారు. 1889లో ఫ్రాన్సులో మిషెలిన్ అన్నదమ్ముల ఫ్యాక్టరీకి ఒకాయన పంచరైన సైకిలు తెచ్చినాడు. ఆ టైరు ఊడదీసి బాగుచేయడానికి మూడు గంటలకు పైగా, జిగురు ఆరడానికి ఒక రాత్రి పట్టింది. తెల్లారి తొక్కితే కొన్ని వందల మీటర్లకే మళ్ళా గాలి పోయింది. అది చదివినప్పుడు నా మీద నాకు కోపం కొంచెం తగ్గింది. వాళ్ళు అక్కడ ఆగలేదు. సులువుగా విప్పే టైరు చేసి 1891లో పేటెంటు తీసుకున్నారు. అదే ఏడు పారిస్ నుండి బ్రెస్ట్ పోయి తిరిగొచ్చే పెద్ద పందెంలో షార్ల్ టెరాన్ ఆ టైర్ల మీదనే గెలిచినాడు. మనం దారి పక్కన కూర్చొని టైరు విప్పుకోగలుగుతున్నామంటే ఆ మార్పు వల్లనే.

వార్డెన్ సారు గారికి ఒక మనవి

మనలో కొందరు సెలవులకు సైకిలు మీదనే ఇంటికి పోతారు. స్టోరు రూములో ఒక డబ్బా పెట్టిస్తే మేలు. అందులో సొల్యూషన్, ప్యాచ్‌లు, గరుకు కాగితం, వాల్వు రబ్బరు, రెండు పాత చెంచాలు, ఒక గుడ్డ, పంపు ఉంటే చాలు. సొల్యూషన్ ట్యూబు ఒకసారి విప్పినాక మూత సరిగ్గా పెట్టకపోతే ఎండిపోతుంది. దాన్ని చూసుకునే బాధ్యత నేను తీసుకుంటాను. ఆదివారం టిఫిన్ అయినాక వేపచెట్టు కింద నేర్పిస్తాను, ఆడపిల్లలు కూడా రావచ్చు.

మా చెల్లెలు ఈ ఏడు మిగిలిన సీట్లకు మళ్ళీ పరీక్ష రాస్తుంది. దసరా సెలవుల్లో మా సైకిలు పంచరైతే నన్ను ముట్టనీయలేదు. తానే గుడ్డ తిప్పి రెండు ముళ్ళు తీసి నా అరచేతిలో పెట్టింది. ఈసారి పరీక్షకు మేము ముందు రోజు సాయంత్రమే టైరు లోపల చూసుకొని పెట్టుకుంటాము.

ఇట్లు,
మీ మిత్రుడు,
9వ తరగతి