బడిలో రొట్టెబుట్ట



జూన్ నెలలో బడులు తెరవగానే మన ఇండ్లలో ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం, ర్యాంకుల మాటలే వినిపిస్తాయి. సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే "హోంవర్కు ఏమిచ్చారు? ఎన్ని మార్కులు వచ్చాయి?" అని అడుగుతాం. "నీ పక్కన కూర్చునేది ఎవరు? ఆ బిడ్డ ఈ రోజు అన్నం తెచ్చుకున్నాడా?" అని అడిగే ఇండ్లు తక్కువ. కతోలిక ప్రాథమిక పాఠశాల పుట్టింది ఈ రెండవ ప్రశ్న కోసం కూడా. ఉపాధ్యాయుల పాలక పునీతుడైన జాన్ బాప్టిస్ట్ దె లా సాల్ గారి బడులను చూస్తే ఈ సంగతి మనకు బాగా అర్థమవుతుంది.

ఆయన 1651లో ఫ్రాన్సు దేశంలోని రీమ్స్ పట్టణంలో కలిగిన కుటుంబంలో జన్మించారు. ఆ పట్టణపు మేత్రాసన దేవాలయంలో గౌరవప్రదమైన కానన్ పదవిలో ఉన్నారు. పేదబిడ్డలకు బడి పెట్టాలని వచ్చిన ఏడ్రియన్ నియెల్ అనే ఉపాధ్యాయునికి 1679లో సాయపడ్డారు. అక్కడి నుండి ఆయన జీవితమే మారిపోయింది. 1681లో ఆ బడి పంతుళ్లను తన సొంత ఇంటిలోనే ఉంచుకున్నారు. బంధువులకు ఇది ఎంతమాత్రం నచ్చలేదు. 1683లో కానన్ పదవిని వదులుకున్నారు. ఆ వెంటనే వచ్చిన కరవులో తన ఆస్తిని పేదల ఆకలి తీర్చడానికి పంచిపెట్టారు. ఆయన స్థాపించిన క్రైస్తవ పాఠశాలల సహోదరుల సభ బడులలో చదువు ఉచితంగా ఉండేది.

ఆ బడులలో బిడ్డలు ఎలా మెలిగేవారు? ఆ సహోదరులు తమ అనుభవాలన్నీ కూర్చి, బడి నడిపే విధానాన్ని ఒక గ్రంథంగా రాసుకున్నారు. అది 1720లో అచ్చయింది. అందులోని మూడు విషయాలు నేటి మన బడులకు కూడా పనికివస్తాయి.

మొదటిది, భాష. ఆ కాలంలో బిడ్డలకు ముందు లాటిన్ చదవడం నేర్పేవారు. పేదబిడ్డలు కొద్దికాలమే బడికి వచ్చి పనులలో చేరిపోయేవారు. అందువల్ల వారికి ఏ భాషా సరిగా వచ్చేది కాదు. దె లా సాల్ గారు ముందుగా వారి సొంత భాషయైన ఫ్రెంచి నేర్పించారు. బడి బిడ్డను బట్టి నడవాలని ఆయన ఉద్దేశం.

రెండవది, పనులు. తరగతిలోని బిడ్డలకే బాధ్యతలు అప్పగించేవారు. ఒకడు జపం చెప్పిస్తాడు, ఒకడు గంట కొడతాడు, ఒకడు కాగితాలు పంచుతాడు. తాళంచెవులు చూసుకునేవారు, గది ఊడ్చేవారు కూడా ఉండేవారు. ఈ పనుల వల్ల బడి తమదే అన్న భావం బిడ్డలకు కలుగుతుంది.

మూడవది, రొట్టెబుట్ట. బిడ్డలు ఇంటి నుండి రొట్టె తెచ్చుకుని బడిలోనే తినేవారు. మర్యాదగా కూర్చుని తినడం కూడా అక్కడ ఒక పాఠమే. కలిగినవారు తమ రొట్టెలో కొంత బుట్టలో వేసేవారు. దానిని బాగా పేదలైన బిడ్డలకు పంచేవారు. తీసుకున్నవారు ఇచ్చినవారి కోసం ప్రార్థించేవారు. కాబట్టి ఇద్దరూ ఇచ్చినవారే. యోహాను సువిశేషం ఆరవ అధ్యాయంలో వేలాది మంది ఆకలి తీర్చడానికి ప్రభువు చేతికి అందింది ఒక బాలుని దగ్గరున్న ఐదు యవల రొట్టెలు, రెండు చేపలే గదా!

ఇప్పుడు మన బడుల వైపు చూద్దాం. మన బడులలో వేరే మతాల బిడ్డలు ఎందరో చదువుతున్నారు. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు లేదా ఆర్థిక సహాయం పొందే విద్యాసంస్థలో ఏ బిడ్డనూ తల్లిదండ్రుల అంగీకారం లేకుండా మతబోధకు గాని ఆరాధనకు గాని బలవంతపెట్టకూడదు. మన మతాచారాలను ఇతర బిడ్డలపై రుద్దవద్దని, ఉదయపు అసెంబ్లీలో రాజ్యాంగ పీఠికను చదివించాలని భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య కూడా 2024లో మన పాఠశాలలకు సూచించింది. మరి మన విశ్వాసం బడిలో ఎక్కడ కనబడాలి? అన్నం తినేచోట, ఆటస్థలంలో, వెనుక బెంచీలో కూర్చున్న బిడ్డ దగ్గర కనబడాలి.

ఇంకొక గంభీరమైన విషయం ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు మొదటి తరగతిలో కనీసం 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల బిడ్డలకు ఇవ్వాలి. ఈ చట్టం అల్పసంఖ్యాకుల పాఠశాలలకు వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పింది. ఆ తీర్పును పెద్ద ధర్మాసనం మళ్లీ పరిశీలించడం అవసరమని 2025లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అభిప్రాయపడింది. న్యాయస్థానం ఏమి తేల్చినా, మన విచారణలోని కూలివాని బిడ్డ మన బడి గేటు బయటే నిలబడిపోతే ఆ లెక్క మనమే దేవునికి అప్పజెప్పాలి. చట్టం మినహాయించినంత మాత్రాన సువిశేషం మనలను మినహాయించలేదు.

ఇది సిస్టర్ల పని, ఫాదర్ గారి పని అని మనం పక్కకు తప్పుకోలేము. తల్లిదండ్రులు ఉపాధ్యాయులతో దగ్గరగా సహకరించాలని తిరుసభ చట్టం 796వ నిబంధన చెబుతోంది. ఉపాధ్యాయులు తల్లిదండ్రుల మాట మనసుపెట్టి వినాలని కూడా అదే నిబంధన ఆదేశిస్తోంది. కాబట్టి తల్లిదండ్రుల సమావేశానికి మార్కుల కాగితం మీద సంతకం చేయడానికి మాత్రమే వెళ్లకండి. ఫీజు కట్టలేక ఏ బిడ్డయినా బడి మానుకున్నాడా అని అడగండి. అటువంటి బిడ్డ కోసం విచారణలోని నాలుగు కుటుంబాలు కలిసి ఏమి చేయగలవో గురువులతో మాట్లాడండి. బడిలో మీ బిడ్డకు చీపురు ఇచ్చారని కోపగించుకోకండి. కాని ఆ చీపురు ఎప్పుడూ పేదబిడ్డల చేతికే పోతుంటే మాత్రం ఊరుకోకండి. పని అందరికీ వంతులవారీగా రావాలి.

ఈ వారం కుటుంబ ప్రార్థన తరువాత బిడ్డలతో కలిసి మాట్లాడుకోవడానికి:

1. మీ తరగతిలో ఎవరితోనూ కలవకుండా ఒంటరిగా ఉండే బిడ్డ ఎవరు? ఎందువలన?

2. మధ్యాహ్నం నీ క్యారేజీలోనిది ఎవరితో పంచుకుంటావు? వాళ్లు తెచ్చినది నీవు తింటావా?

3. బడిలో నీవు చేసే పని ఏమిటి? ఆ పని నీవు చేయకపోతే ఎవరికి ఇబ్బంది కలుగుతుంది?

4. పెద్దలకు: బడి విషయంలో ఈ సంవత్సరం మన ఇంటి తరఫున మనం బుట్టలో వేయగలిగిన రొట్టె ఏమిటి?

బిడ్డలు చెప్పే జవాబులను తొందరపడి దిద్దకుండా చివరి వరకూ వినండి. తరువాత, ఆ ఒంటరి బిడ్డ పేరు చెప్పి అందరూ కలిసి ఒక పరలోక జపం చెప్పుకోండి.