తల కోసినను మొలచు పురుగు

చల్లని యేటినీటిలో రాళ్ల యడుగున ప్లనేరియా యను చదునైన చిన్న పురుగు నివసించును. దానిని రెండుగా కోసినచో తలముక్కకు తోకయు, తోకముక్కకు తలయు మొలచును. 1898లో అమెరికా దేశస్థుడగు థామస్ హంట్ మోర్గాన్, శరీరములో 279వ వంతు ముక్కనుండి సైతము పూర్తి పురుగు పుట్టగలదని తెలిపెను.

ఇంతటి వింతను చూచిన మోర్గాన్ పేరుపొందినది మాత్రము పండ్లపై ముసరు ఈగవలన. ఈగ పాలసీసాలో పెరుగును. పది పండ్రెండు దినములలో ఒక తరము ముగియును. తెల్లకన్నుల యీగను ఎఱ్ఱకన్నుల యీగతో జతపఱచి, పిల్లలను లెక్కించి, వంశలక్షణముల నడకను తెలిసికొనవచ్చును. ప్లనేరియాలో పెక్కు జతకూడక తమ్ము తామే త్రుంచుకొని రెండగును. జతపఱచుటయే పనిముట్టైనచోట అట్టి ప్రాణి యేమి చెప్పగలదు? నూఱేండ్లు అది వింతగానే మిగిలెను.

1998లో ఫైర్, మెల్లో అను శాస్త్రజ్ఞులు వేఱొక నులిపురుగునందు, రెండు పేటల ఆర్.ఎన్.ఏ. ప్రవేశపెట్టినచో దానికి సరిపోలు జన్యువు మూగవోవునని కనుగొనిరి. దీనికి జతకూర్పుతో పనిలేదు! మరుసటియేడు బాల్టిమోరులోని కార్నెగీ సంస్థయందు సాంచెజ్ అల్వరాడో, న్యూమార్క్ అనువారు ప్లనేరియాలో దీనిని సాధించిరి. ఐతే ప్రయోగమునకు ఒకే పోలికగల పురుగులు వేలకొలది కావలెను. బార్సెలోనా నగరమున పాడుపడిన ఫౌంటేను తొట్టిలో దొరకిన పురుగులలో నొక్కదానిని కోయుచు పెంచుచు, పెంచుచు కోయుచు ఆ సంతతిని సిద్ధపఱచిరి. పురుగు వింతగుణమే పనిముట్టైనది.

మొదట సూదితో ఎక్కించెడివారు. 2003లో ఇంకను సులభమగు మార్గము దొరకెను. కావలసిన ఆర్.ఎన్.ఏ.ను బాక్టీరియాలో తయారుచేయించి, కార్జపు ముద్దలో కలిపి, వారము దినములు పస్తుంచిన పురుగులకు తినిపింతురు. ఈ యుపాయము మాకు మిక్కిలి నచ్చినది. వంటయింటి పనివలె నున్నది గదా! 2005లో ఇట్లు 1,065 జన్యువులను ఒక్కొక్కటిగా అణచి చూడగా, 240 జన్యువుల విషయమున పురుగులలో మార్పు కనబడెను. కొన్నిటికి తల మొలవలేదు, కొన్ని చచ్చెను. 2008లో బీటా-కాటెనిన్ అను దానిని అణచినప్పుడు తోక యుండవలసినచోట రెండవ తల మొలచెను.

ఐనను కొఱత యొకటి కలదు. జన్యువును అణచుట సులభమైనది గాని, క్రొత్తజన్యువును చేర్చి తరతరములు నిలుపుట ఈగలోవలె ఈ పురుగులో సులభసాధ్యము కాలేదు. అందువలన క్రొత్త యవయవములను నిర్మించు మూలకణమునకు వెలుగు గుర్తు పెట్టి, బ్రతికియున్న పురుగులో అది యెటు పోయెనో కనిపెట్టుట నేటికిని కష్టముగానే యున్నది.