ఒట్టు వేశాను, ఇప్పుడేం చేయాలి?

సమస్య

అక్కా,

మాది నిడమనూరు. బీఈడీ చేసి మూడేళ్లుగా ఇక్కడికి దగ్గర్లోనే ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతున్నాను. నాన్న లేడు. అమ్మ మందులూ తమ్ముడి చదువూ నా జీతం మీదే నడుస్తున్నాయి. ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించేశాను.

ఆరో తరగతిలో ఒక పాప ఉంది. వాళ్ల నాన్న మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ. అమ్మ నాట్లకూ కలుపుకూ పోతుంది. పద్యం ఒకసారి చెబితే చాలు, మర్నాడు తప్పు లేకుండా అప్పజెప్పే పిల్ల. దసరా సెలవులు అయ్యాక మారిపోయింది. ముందు బెంచీ వదిలేసి గోడ పక్కన కూర్చుంటోంది. సాయంత్రం స్టడీ అవర్ బెల్లు కొట్టగానే కడుపు నొప్పంటోంది. నేనూ మొదట బద్ధకమనుకుని కసిరాను. ఆ కసురు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే కోపమొస్తుంది.

ఒకరోజు అందరూ వెళ్లిపోయాక నా కొంగు పట్టుకుని నిలబడింది. స్టడీ అవర్‌లో ఒక సారు నోటుబుక్కు దిద్దుతానని పక్కన కూర్చోబెట్టుకుని తాకరాని చోట తాకుతున్నాడని చెప్పింది. ఇంట్లో చెబితే ఫెయిల్ చేస్తానన్నాడట. "టీచర్, మీకొక్కదానికే చెప్పిన. ఎవ్వరికీ చెప్పనని ఒట్టెయ్యండి" అంది. వణికిపోతున్న పిల్లను చూసి ఒట్టు వేశాను.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఉండబట్టలేక కరస్పాండెంటు సారుకు చెప్పాను. "టెన్త్‌లో మనకు మార్కులొచ్చేదే ఆయన వల్ల. పిల్ల ఏదో అనుకుని ఉంటది. నువ్వు చిన్నదానివి, ఇందులో తల దూర్చకు" అన్నారు. తర్వాత పాప వాళ్ల నాన్నను పిలిపించి, ఇద్దరు పెద్దమనుషులను కూర్చోబెట్టి, ఈ ఏడాది ఫీజు మాఫీ అన్నారు. ఆయన నన్ను బస్టాండు దగ్గర ఆపి, "టీచరమ్మా, మీకు దండం పెడత. ఇది బయటికి రానియ్యకుండ్రి. రేపు దానికి సంబంధం ఎట్లొస్తది?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పాప నా వంక చూడటం మానేసింది. ఆ సారును ఆరో తరగతి నుంచి తీసేశారు. ఇప్పుడు ఐదో తరగతికి స్టడీ అవర్ చూస్తున్నాడు.

ఒట్టు ఒకసారి తప్పాను. మళ్లీ తప్పాలా? ఒకవేళ పాప చెప్పింది నిజం కాకపోతే ఒక మనిషి బతుకు పాడుచేసినదాన్ని అవుతానా? తండ్రే వద్దన్నాక నాకేం హక్కుంది? నా ఉద్యోగం పోతే మా ఇల్లెట్లా గడుస్తుంది? దారి చెప్పండక్కా.

- మీ చెల్లెలు, నిడమనూరు

సలహా

చెల్లెమ్మా,

నీ ఉత్తరంలో అన్నిటికంటే నన్ను భయపెట్టింది చివర్లో రాసిన ఆ ఐదో తరగతి సంగతి. ఆరో తరగతి పిల్ల చేత నోరు మూయించి, అంతకంటే చిన్నపిల్లల దగ్గరికి ఆ మనిషిని పంపించారు. అందుకే ముందు జవాబు చెప్పేస్తాను, వివరం తర్వాత. ఫిర్యాదు చెయ్యి. రేపటి దాకా ఆగకు.

నీకేం హక్కుందని అడిగావు. ఇది హక్కు కాదమ్మా, నీ మీద చట్టం పెట్టిన బాధ్యత. పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం కలిగినా ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలని అందులోని 19వ సెక్షన్ అంటుంది. తెలిసీ చెప్పనివాళ్లకు 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. సంస్థను నడిపేవారు తమ కింద పనిచేసేవాళ్ల నేరాన్ని దాచిపెడితే అది ఏడాది దాకా ఉంటుంది. కరస్పాండెంటుకు చెప్పడంతో నీ బాధ్యత తీరలేదు, ఆయన బాధ్యత కూడా ఆ రోజే మొదలైంది. బడిలో పనిచేసేవాడే పిల్లను అలా తాకితే చట్టం దాన్ని తీవ్రమైన నేరంగా చూస్తుంది. దానికి అయిదేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల దాకా శిక్ష ఉంది.

ఇక నిజమో కాదో అన్న నీ రెండో భయం. దాన్ని తేల్చే పని నీది కాదు. పిల్ల నీతో ఏం చెప్పిందో అది చెప్పడం వరకే నీ పని. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద కేసు పెట్టడానికి లేదని అదే 19వ సెక్షన్ చెబుతుంది. ఆ సారు తప్పు చేయలేదనుకుంటే దర్యాప్తులో, కోర్టులో చెప్పుకునే అవకాశం ఆయనకు ఉంటుంది. పదకొండేళ్ల పిల్లకు మాత్రం నీ కొంగు తప్ప ఇంకేమీ దొరకలేదు. అదీగాక, స్టడీ అవర్ అంటే వచ్చే కడుపు నొప్పి, వదిలేసిన ముందు బెంచీ నువ్వు కళ్లారా చూసినవే కదా.

ఆ తండ్రిని నేను తప్పుపట్టలేను. బస్తాలు మోసి బిడ్డను ప్రైవేటు బడికి పంపుతున్న మనిషి, పెద్దమనుషులు కూర్చోబెడితే ఏం చేయగలడు? కానీ ఆ రాజీ చెల్లదు. రాజస్థాన్‌లో ఒక విద్యార్థినిని అసభ్యంగా తాకాడని ఉపాధ్యాయుడి మీద కేసు నమోదైంది. తర్వాత తండ్రితో రాజీ కుదిరిందని చెబితే అక్కడి హైకోర్టు కేసు కొట్టేసింది. కుటుంబానికి ఏ సంబంధమూ లేని స్థానికులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దుచేసి కేసు నడవాల్సిందేనంది. ఇలాంటి నేరం రెండు కుటుంబాల మధ్య తగాదా కాదని దాని అర్థం. పక్కింటి గొడవలో తల దూర్చడం వేరు, ఇది వేరు.

మీ ప్రాంతం మరిచిపోకూడని సంగతి ఒకటి ఉంది. మీ ఊరి నుంచి హాలియా దాటితే పెద్దవూర మండలం. అక్కడి ఒక తండాలో ప్రైవేటుగా నడిచిన గిరిజన బాలికల హాస్టల్లో ట్యూటర్ చేసిన అఘాయిత్యాలు 2014 జనవరిలో బయటపడ్డాయి. బాధితులు ఒకరూ ఇద్దరూ కాదు, పదిమందికి పైగా. 2018లో నల్లగొండ కోర్టు ట్యూటర్‌కు జీవిత ఖైదు వేసింది, హాస్టల్ నడిపినవాళ్లకూ శిక్ష పడింది. ఆ పిల్లల్లో మొదటి పిల్లకు జరిగినప్పుడే ఒక పెద్దమనిషికి తెలిసి, తెలిసిన పూటే స్టేషన్‌కు వెళ్లి ఉంటే మిగతావాళ్లు ఆ హాస్టల్లో క్షేమంగా చదువుకునేవాళ్లు. నీ బడిలో ఆ పెద్దమనిషివి నువ్వే.

ఏం చేయాలో వరసగా చెబుతాను. పిల్ల నీతో అన్న మాటలు ఆమె అన్నట్టుగానే, తేదీతో సహా ఒక కాగితం మీద రాసిపెట్టుకో. సొంత మాటలు కలపకు. పాపను మళ్లీ మళ్లీ అడగకు. అడిగినప్పుడల్లా ఆ గాయం మళ్లీ రేగుతుంది, ఎవరో చెప్పించారన్న మాట కూడా వస్తుంది. ఆ సారును నిలదీయకు, జాగ్రత్తపడే వ్యవధి ఇచ్చినట్టవుతుంది. 1098కి ఫోన్ చెయ్యి. అది పిల్లల హెల్ప్‌లైన్, పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు పడవు. పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వు. మీ ఊళ్లో అందరూ తెలిసినవాళ్లేనని సంకోచమైతే వేరే స్టేషన్‌లో ఇచ్చినా జీరో ఎఫ్ఐఆర్ కింద తీసుకోవాలి. ఎఫ్ఐఆర్ కాపీ నీకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకో. నల్లగొండలో బాధిత మహిళలకూ పిల్లలకూ అండగా ఉండే భరోసా కేంద్రం, జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఉన్నాయి. అక్కడివాళ్లకు ఇలాంటి కుటుంబాలతో మాట్లాడటం తెలుసు.

తర్వాత ఆ తండ్రిని కలువు, తల్లిని కూడా కూర్చోబెట్టు. వాళ్ల భయమంతా పోలీసు జీపు ఇంటి ముందు ఆగుతుందని, ఊరంతా చూస్తుందని. అలా జరగకూడదని చట్టంలోనే ఉంది. పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరో, పిల్ల కోరుకున్న చోటో, వీలైనంత వరకు మహిళా ఎస్సై తీసుకోవాలి, అదీ యూనిఫాం లేకుండా. వైద్య పరీక్ష అవసరమైతే అమ్మ పక్కన ఉండగా లేడీ డాక్టరే చేయాలి. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి తెలపాలి. కేసు సాగినన్నాళ్లూ తోడుగా ఒక సహాయకుణ్ణి ఆ సమితి ఇవ్వగలదు. కోర్టులో నిందితుడు పిల్ల కళ్లెదుట పడకుండా చూడాలి. పిల్ల పేరు గానీ, ఫొటో గానీ, బడి పేరు గానీ పత్రికలోనో టీవీలోనో రావడం నేరం. నువ్వు కూడా స్టాఫ్‌రూంలో, వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క ముక్క మాట్లాడకు.

సంబంధం ఎట్లొస్తదని ఆ తండ్రి అడిగాడు కదా. నేను భయపడేది ఇంకోదానికి. ఇలాంటప్పుడు ఇంట్లోవాళ్లు "చదువు చాలు" అని పిల్లను మాన్పిస్తారు, నాలుగేళ్లకు పెళ్లి చేసి బరువు దించుకున్నామనుకుంటారు. తప్పు చేసినవాడు బడిలో ఉంటాడు, పిల్ల బయట ఉంటుంది. "మీ బిడ్డ తప్పేం లేదు, పరువు పోవాల్సింది ఆయనది" అని ఆ తల్లిదండ్రులకు గట్టిగా చెప్పు. ఈ బడి వద్దనుకుంటే మరో బడిలో చేర్పించే దాకా వాళ్లతో ఉండు.

నీ ఉద్యోగం సంగతి దాచకుండా మాట్లాడతాను. పోవచ్చు. పోదని నేను మాటివ్వలేను. ఫిర్యాదు ఇచ్చిన రోజు నుంచి నీతో ఎవరేమన్నారో తేదీతో రాసి పెట్టుకో. బెదిరిస్తే అదీ పోలీసులకు చెప్పు. పక్క బడుల్లో ఇప్పటి నుంచే అడిగి ఉంచు. ఇంట్లో అమ్మకూ తమ్ముడికీ విషయం ఈ రాత్రే చెప్పు. ఈ బరువు ఒక్కదానివే మోయకు. జీతం ఇంకో బడిలో వెతుక్కోవచ్చు. ఆ ఐదో తరగతి నుంచి రేపు ఇంకో పిల్ల వచ్చి నీ కొంగు పట్టుకుంటే ఆమెకు ఏం జవాబు చెబుతావు?

పిల్లలను చేర్పించే తల్లిదండ్రులకు ఒక మాట. బడిలో పనిచేసే ప్రతి ఒక్కరి గురించీ ఎప్పటికప్పుడు పోలీసు విచారణ చేయించాలని 2020 పోక్సో నియమాలు చెబుతున్నాయి. టీచర్లే కాదు, వ్యాన్ డ్రైవరు, ఆయా, వాచ్‌మన్ అందరికీ. ఫీజు కట్టేటప్పుడు అది చేయించారా అని అడగండి. స్టడీ అవర్ ఏ గదిలో జరుగుతుంది, తలుపు తీసి ఉంటుందా, పిల్లతో ఒక్కరే ఉంటారా అని కూడా అడగండి. మార్కుల గురించి అడిగినంత ధీమాగా అడగండి.

ఇక ఒట్టు. చెల్లెమ్మా, పిల్లలు "ఎవరికీ చెప్పొద్దు" అన్నప్పుడు ఎవరూ ఒట్టు వేయకూడదు. "నిన్ను కాపాడగలిగినవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పను" అనాలి. నీకప్పుడు ఆ మాట తట్టలేదు, ఆ క్షణంలో చాలామందికి తట్టదు. పాప నీ వంక చూడటం మానేసింది నువ్వు చెప్పావని కాదనుకుంటాను. చెప్పినా ఏమీ జరగలేదని. ధైర్యం కూడగట్టుకుని నోరు తెరిస్తే పెద్దవాళ్లంతా కలిసి ఫీజు మాఫీ చేసి పంపారు. పాప నీ మీద నమ్మకం కోల్పోయింది ఒట్టు తప్పినందుకు కాదు, సగంలో ఆగినందుకు.

అందుకని స్టేషన్‌కు వెళ్లొచ్చాక వాళ్లింటికి వెళ్లి పాప పక్కన కూర్చో. "నీకిచ్చిన మాట తప్పాను, నన్ను క్షమించు. నువ్వు చెప్పింది నేను నమ్మాను, అందుకే చెప్పాను. నీ తప్పు ఇందులో ఏమీ లేదు" అను. వెంటనే మాట్లాడకపోయినా పర్వాలేదు. మర్నాడు మళ్లీ వెళ్లు.