‘30’ అంటే ఏ సంవత్సరం?

మన హాస్టల్ మందుల పెట్టెలోని మందుల జాబితాను ఈమధ్య మేము కొందరం కలిసి కంప్యూటర్‌లో, ఎక్సెల్‌లోకి ఎక్కించాము. గడువు తేదీల వరుసలో పెట్టగానే మొన్ననే తెచ్చిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు అన్నిటికన్నా పైకి వచ్చి, గడువు తీరిపోయిన వాటిలో చేరాయి. పారేయడానికి పక్కన కూడా పెట్టేశాము. ఎనిమిదో తరగతి తమ్ముడొకడు ప్యాకెట్ తిప్పి చూసి, “అన్నా, దీనికింకా గడువుంది కదా!” అన్నాడు. మేము టైపు చేసింది 31-3-30. కంప్యూటర్ దాన్ని 1930 మార్చి 31 అనుకుంది.

తప్పులో సగం మాదే. రెండంకెలే ఇస్తే శతాబ్దాన్ని యంత్రం ఊహించుకోక తప్పదు. మా కంప్యూటర్‌లో ఆ ఊహకు హద్దు 29. అంటే 00 నుండి 29 వరకు 2000 తర్వాతివి, 30 నుండి 99 వరకు 1900 తర్వాతివి. విండోస్ సెట్టింగుల్లో ఈ హద్దును మార్చుకోవచ్చు. పైథాన్ భాషలోనైతే హద్దు 68: అక్కడ 68 అంటే 2068, 69 అంటే 1969. ఒకే అంకె ఒక ప్రోగ్రాములో తాతయ్య పుట్టిన ఏడాది, మరో ప్రోగ్రాములో మన మనవడు పుట్టబోయే ఏడాది!

వై2కె సమస్య 2000తోనే తీరిపోయిందని చాలామంది అనుకుంటారు. 1990ల చివర మన తెలుగువాళ్ళెందరో కోబాల్ నేర్చుకుని ఆ పనికి వెళ్ళారు. అయితే చాలాచోట్ల నాలుగంకెలు పెట్టకుండా ఇలాంటి హద్దు గీసి సర్దుబాటు చేశారు. ఆ హద్దులే ఇప్పుడొక్కొక్కటిగా దగ్గరపడుతున్నాయి.

పోనీ, హద్దు ఏటా జరిగితే? జావాలో ఒక పద్ధతి అలాంటిదే. ఆ రోజుకు 80 ఏళ్ళు వెనక్కి, 20 ఏళ్ళు ముందుకు చూస్తుంది. మన ఓఆర్‌ఎస్ బతికిపోయేది. కానీ 45లో పుట్టిన అమ్మమ్మ వివరాలను 2024లో చదివితే 1945 అని, 2026లో చదివితే 2045 అని చెబుతుంది. కాగితం మారలేదు, అమ్మమ్మ మారలేదు. పింఛను మాత్రం ఆగవచ్చు.

మా ఉద్దేశంలో సాఫ్ట్‌వేర్ ముందుగా అది ఏ తేదీయో చూడాలి. పుట్టిన తేదీ రేపటిది కాదు, కొత్త మందు గడువు వందేళ్ళ కిందటిది కాదు. అప్పటికీ తేలకపోతే ఊహించకుండా మనల్నే అడగాలి. తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 కూడా 2004లో రెండంకెల సంవత్సరాన్ని తీసేసింది.

మందుల జాబితాను నాలుగంకెలతో మళ్ళీ టైపు చేశాము. పూర్వ విద్యార్థుల జాబితా ఇంకా మిగిలివుంది. అందులోనూ అన్నీ రెండంకెలే. వార్షికోత్సవానికి వచ్చే అన్నలు తమ పేరు పక్కన సంవత్సరం సరిగా ఉందో లేదో చూసి చెప్పగలరు.