కందమూలములు లేని వంటలో విటమినులు

కోవిల్పట్టి, విరుదునగరములలో వ్యాపారము చేయు జైన కుటుంబములలో పిల్లలు బడినుండి వచ్చి, "కంటిచూపుకు క్యారెట్టు మంచిదట, మన యింట ఎందుకు వండరు?" అని అడుగుట కలదు. ప్రశ్న న్యాయమైనదే.

క్యారెట్టులోని కెరోటిను అను పదార్థము శరీరములో ఏ విటమినుగా మారును. ఇది చాలనిచో రేచీకటి కలుగును. అయితే కెరోటిను దుంపల సొత్తు కాదు. తోటకూర, మంచిగుమ్మడి, మామిడిపండు, బొప్పాయి వీటన్నింటను కలదు. మునగాకు ఈ విషయమున క్యారెట్టునే మించును. మునగచెట్టు నీరు తక్కువైన మెట్టనేలలోను పెరుగును గనుక కొరత లేదు. కెరోటిను క్రొవ్వులో కరుగునది; కూరలో కొంచెము నేయి యుండవలెను. చాతుర్మాస్యములో ఆకుకూరలు విడుచువారికి గుమ్మడి, బొప్పాయి చాలును.

సి విటమిను తీరు వేరు. అది నీటిలో కరుగును, వేడికి నశించును. ప్రొద్దు క్రుంకకముందు భోజనమునకని మధ్యాహ్నమే కూరలు తరిగి నీళ్లలో నుంచుట నష్టము. పెద్దలలో స్త్రీలకు దినమునకు 65, పురుషులకు 80 మిల్లీగ్రాములు కావలెనని భారత వైద్య పరిశోధనా మండలి 2020లో నిర్ణయించినది. నూరు గ్రాముల జామపండులో 200కు పైగా నుండును. బహుబీజమని జామను విడుచువారికి ఉసిరిక యున్నది. పచ్చివి తినని తిథులలో ఎండు ఉసిరికలోను కొంత నిలుచును.

విరుదునగరపు మిరప సంగతి వర్తకులకు తెలియనిది కాదు. పచ్చిమిరపలోని సి విటమిను ఎండబెట్టగా చాలవరకు పోవును. కెరోటిను కొంత మిగిలినను, సరకు నిలువపడి ఎరుపు వెలిసినకొలది అదియు తగ్గును. ఎంతైనను మిరప పిడికెళ్లకొలది తినునది కాదు గదా!

పర్యూషణ దినములలో పచ్చికూరలు లేకున్నను పప్పుధాన్యములు బి జాతి విటమినులను పెక్కింటిని ఇచ్చును. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కోవిల్పట్టి వేరుసెనగ మిఠాయిలోను నయాసిను అను బి విటమిను కలదు. బెల్లపుపాకము గనుక మితముగా తినవలెను.

అసలు జాగ్రత్త బి పండ్రెండు విషయమున. ఏ పండును, ఏ కూరయు దీని నీయజాలవు. పాలు, పెరుగులే శాకాహారికి ఆధారము. ఇది తగ్గినచో రక్తహీనత, కాళ్లుచేతుల తిమ్మిరి కలుగును. గర్భిణులు, వృద్ధులు, పాలు సైతము మానినవారు వైద్యునడిగి రక్తపరీక్ష చేయించుకొనుట అవసరము. మందుగా తీసుకొను బి పండ్రెండును సూక్ష్మజీవుల సహాయమున చేయుదురు. గుళికల తొడుగు మాత్రము జెలటినుతో చేసినదైనచో జంతుసంబంధమే. కావున దుకాణములో సీసాపై చదివి, అడిగి మరీ కొనవలెను.